సిక్కోలు నుంచి పబ్లిక్ పాలసీ పీజీకి: కాగితాలు, ఎస్‌ఓపీ, మొదటి సెమిస్టర్

"అది సదివితే కలెక్టరవుతావేటి?"

పబ్లిక్ అఫైర్స్‌లో, అంటే పబ్లిక్ పాలసీ, పరిపాలన కలిసిన చదువులో, మాస్టర్స్ చెయ్యడానికి వెళ్తున్నానని చెప్పగానే మా పెదనాన్న అడిగిన ప్రశ్న ఇది. కాను అన్నాను. "మరెందుకు అంత దూరం?" అన్నాడు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఆ రెండేళ్ల కోర్సు చేసి, తిరిగొచ్చి శ్రీకాకుళంలోనే ఉంటున్నాను. ఏటా కొందరు పిల్లల దరఖాస్తులు చూస్తుంటాను. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్తున్నానని అర్థమై, ఒక్కచోట రాసేద్దామని కూర్చున్నాను. పొడుగ్గానే ఉంటుంది. మీకు కావలసిన అడుగు దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో చెప్తూ దరఖాస్తుతో పంపే వ్యాసం, దాని గురించి రాసింది మాత్రం వదలొద్దు.

అడుగు 1: ఇది ఏం చదువో ముందు తేల్చుకోండి

పబ్లిక్ పాలసీ అంటే సివిల్స్ కోచింగ్ కాదు. ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కి దగ్గర చుట్టమే గానీ అదీ కాదు. ఒక ఉదాహరణ చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి. ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది. ఆ జాబితా ఎవరు రాశారు, ఏ ఆఫీసు మీదుగా వెళ్లింది, డబ్బు ఎలా చేరింది అన్నది పరిపాలన చదువు. చెట్టుకింత ఇవ్వడం మంచిదా, ఎకరానికింత ఇవ్వడం మంచిదా, పాస్‌బుక్‌లో పేరు లేని కౌలు రైతు సంగతేమిటి, కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా ఆ ఇల్లు దేని మీద బతుకుతుంది, అదే డబ్బుతో ఇంకేమైనా చేసి ఉండొచ్చా అన్నది పాలసీ చదువు.

ఎంపీపీ అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ. ఎంపీఏ అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. మొదటిదాంట్లో లెక్కలు, విశ్లేషణ పాలు ఎక్కువ. రెండోదాంట్లో సంస్థల్ని నడపడం, బడ్జెట్, సిబ్బంది వ్యవహారాలు ఎక్కువ. అమెరికాలో చాలా స్కూళ్లలో ఈ గీత చెరిగిపోయింది. పేరు చూసి ఎంచుకోకండి, సిలబస్ చూడండి. దాదాపు ఎక్కడైనా ఉండేవి మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు, పాలసీ విశ్లేషణ, రాజకీయ సంస్థలు. లెక్కలంటే ఒళ్లు మండేవాళ్లు ఈ జాబితా మరోసారి చదువుకుని అప్పుడు ముందుకెళ్లండి.

ఉద్యోగాలు? ప్రభుత్వ శాఖలకు సలహాలిచ్చే సంస్థలు, ఎన్జీవోలు, పరిశోధనా సంస్థలు, కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత) విభాగాలు, ఎంపీల దగ్గర పరిశోధన పని. ఇంజినీరింగ్‌లా క్యాంపస్‌కొచ్చి గంపగుత్తగా ఎత్తుకెళ్లేది ఉండదు. జీతం కూడా సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకోకూడదు. ఈ రెండు మాటలూ ఇంట్లో ముందే చెప్పండి. తర్వాత చెప్తే గొడవలవుతాయి.

ఇంకో మాట. డిగ్రీ అవ్వగానే చేరకండి. ఒకటి రెండేళ్లు ఏదైనా పని చెయ్యండి. ఎన్జీవో కావచ్చు, సచివాలయం ఉద్యోగం కావచ్చు, సర్వే పని కావచ్చు. ఈ స్కూళ్లు పని అనుభవాన్ని గట్టిగా చూస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, పని చెయ్యకుండా వెళ్తే క్లాసులో చెప్పేది గాల్లో మాటల్లా వినిపిస్తుంది.

అడుగు 2: ఎక్కడ చదవాలి

ఇంటి దగ్గర నుంచి మొదలెడదాం. ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేద్కర్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటిలో దొరికే సామాజిక శాస్త్రాల పీజీలు నేరుగా పాలసీ స్కూళ్లు కావు. ఖర్చు తక్కువ. బాగా చదివితే ఇక్కడ ఎంఏ చేసి ఆపైన బయటికి వెళ్లొచ్చు. నేను వెళ్లింది అలాగే. రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్, కేంద్రీయ వాటికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి.

హైదరాబాద్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) క్యాంపస్ ఉంది. పబ్లిక్ పాలసీ అండ్ గవర్నెన్స్‌లో ఎంఏకి మన పిల్లలు ఎక్కువగా చూసేది దీన్నే. గీతం వాళ్ల కౌటిల్య స్కూల్ 2021లో హైదరాబాద్‌లోనే మొదలైంది. బెంగళూరులో నేషనల్ లా స్కూల్‌లో రెండేళ్ల ఎంపీపీ ఉంది. దానికి ఎన్ఎల్ఎస్ఏటీ అని సొంత పరీక్ష, అందులో రాత భాగం కూడా ఉంటుంది. లా చదివి ఉండనక్కర్లేదు. అదే ఊళ్లో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ డెవలప్‌మెంట్ ఉంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు, హాస్టల్ ఖర్చుల్లో సాయం చేస్తారు. డబ్బు లేని ఇంటి పిల్లలకు నేను ముందు చెప్పే పేరు ఇదే. బీటెక్ చేసినవాళ్లు ఐఐటీ బాంబే, ఐఐటీ ఢిల్లీల్లో ఉన్న పబ్లిక్ పాలసీ మాస్టర్స్ కూడా చూడండి.

బయట దేశాల్లో పేర్లు చాలానే ఉన్నాయి. అమెరికాలో హార్వర్డ్ కెనడీ స్కూల్ అందరికీ తెలిసిందే. సిరక్యూస్‌లోని మాక్స్‌వెల్ స్కూల్ 1924లో మొదలైంది. ఇండియానాలో ఓనీల్, టెక్సస్‌లో ఎల్‌బీజే, మిన్నెసోటాలో హంఫ్రీ స్కూళ్లు ప్రభుత్వ యూనివర్సిటీల్లోవి. ప్రిన్స్‌టన్‌లో ఎంపీఏకి సీటొస్తే చదువు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. సీటు రావడమే గగనం. ఆక్స్‌ఫర్డ్‌లోని బ్లావట్నిక్ స్కూల్‌లో ఎంపీపీ ఒక్క ఏడాదే. సింగపూర్‌లో లీ క్వాన్ యూ స్కూల్ ఉంది. జర్మనీలో పాలసీ చదవడానికి డాడ్ (DAAD) అనే అక్కడి సంస్థ హెల్ముట్ ష్మిట్ పేరుతో స్కాలర్‌షిప్ ఇస్తుంది. మనవాళ్లు దీన్ని పట్టించుకోరు, పట్టించుకోవాలి.

ఎన్నిటికి దరఖాస్తు పెట్టాలి? ఐదారు చాలు. పన్నెండు పెట్టినవాళ్ల ఎస్‌ఓపీలు పన్నెండూ ఒకేలా ఉండటం చూశాను.

అడుగు 3: క్యాలెండర్ గోడకు తగిలించండి

అమెరికా స్కూళ్లు ఆగస్టులో మొదలవుతాయి. దరఖాస్తు గడువు చాలావాటికి అంతకుముందు డిసెంబరు, జనవరి. అంటే 2028 ఆగస్టులో చేరాలంటే 2027 ఏప్రిల్‌లోనే పని మొదలవ్వాలి. వేసవిలో ఇంగ్లిష్ పరీక్ష. వినాయక చవితి నాటికి సిఫారసు లేఖలు రాసేవాళ్లతో మాట్లాడటం పూర్తవ్వాలి. దసరాకి ఎస్‌ఓపీ మొదటి రాత. పైడితల్లి సిరిమానోత్సవం చూసొచ్చి రెండో రాత మొదలెట్టిన విజయనగరం అమ్మాయి ఒకామె ఉంది. ఆ లెక్క నాకు నచ్చింది. డిసెంబరు మొదటి వారానికి పంపేయాలి. మార్చిలో ఫలితాలొస్తాయి. నిధులతో కూడిన ఆఫర్‌కి అవునో కాదో చెప్పడానికి అక్కడ చాలా స్కూళ్లలో ఏప్రిల్ 15 గడువు.

మన దేశంలో సీయూఈటీ పీజీకి ఈమధ్య ఏళ్లలో చలికాలంలో దరఖాస్తులు తీసుకుని మార్చి ప్రాంతంలో పరీక్ష పెడుతున్నారు. 75 ప్రశ్నలు, సరైనదానికి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఒక్క విషయం గుర్తుంచుకోండి: సంక్రాంతికి ఊళ్లో కూర్చుని "తర్వాత నింపుదాంలే" అనుకున్నవాళ్లే ఏటా గడువు దాటేస్తారు.

అడుగు 4: కాగితాలు

ఇక్కడే మన పిల్లలు ఎక్కువ దెబ్బ తింటారు. తెలివితక్కువై కాదు, ఎవరూ ముందు చెప్పక.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్కోసారి పొడి అక్షరంగా. ఆధార్‌లో ఇంకోలా, పాస్‌పోర్ట్‌లో మరోలా. పరీక్ష రిజిస్ట్రేషన్ పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే చెయ్యాలి. అందుకని పాస్‌పోర్ట్ తీసుకునేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయించండి. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత వీసా కాగితాల్లో మీ అసలు పేరే ఇంటిపేరు గడిలోకి వెళ్లి కూర్చుంటుంది. మా స్నేహితుడొకడు రెండేళ్లూ అక్కడ ఆ పేరుతోనే బతికాడు.

రెండోది మార్కుల కాగితాలు. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ట్రాన్స్‌క్రిప్ట్ నాలుగూ వేరువేరు. మన కాలేజీల్లో చాలామంది ఓడీకి అప్లై చెయ్యకుండానే ఏళ్లు గడిపేస్తారు. సీలు వేసిన కవర్లో ట్రాన్స్‌క్రిప్ట్ కోసం నేను ఒక యూనివర్సిటీ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. మొదటిసారి చలానా తప్పన్నారు. రెండోసారి సంతకం పెట్టే ఆయన సెలవు. మూడోసారి కవరు ఇచ్చారు, దాని మీద స్టాంపు లేదు. బస్సులో కూర్చున్నాక చూసుకున్నాను. కాబట్టి కవరు చేతికిచ్చినప్పుడు అక్కడే నిలబడి మూత మీద స్టాంపు, సంతకం రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. క్లర్క్ గారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నాలుగైదు కవర్లు ఒకేసారి తీసుకోండి.

మూడోది డిగ్రీ ఎన్నేళ్లు అన్నది. కొన్ని విదేశీ స్కూళ్లు పదహారేళ్ల చదువు అడుగుతాయి. మూడేళ్ల బీఏ, బీకాం అక్కడ ఆగిపోతుంది. దాని మీద ఎంఏ ఉంటే సరిపోతుంది. ఏపీలో 2020 నుంచి డిగ్రీలో నాలుగో ఏడాది ఆనర్స్ వచ్చింది. బయటికి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఆ ఏడాది వదులుకోవద్దు. ప్రతి స్కూల్‌కీ ఒక ఈమెయిల్ పెట్టి అడగండి, జవాబిస్తారు.

నాలుగోది కులం సర్టిఫికెట్. ఇది కేంద్ర సంస్థలకు పెట్టేవాళ్ల కోసం. రాష్ట్రంలో బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మన ఉత్తరాంధ్రలో అలాంటివి కొన్ని ఉన్నాయి. ఇంటర్ దాకా బీసీగా చదువుకున్న పిల్లవాడు సీయూఈటీ ఫారంలో ఓబీసీ టిక్కు పెట్టి, సీటొచ్చాక సర్టిఫికెట్ చూపించలేక నిలబడిపోతాడు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో మీ కులం పేరు ఉందో లేదో ముందు చూడండి. ఉంటే, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోండి. కేంద్ర సంస్థలు సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 తర్వాత తేదీ ఉన్నదే అడుగుతాయి. లేకపోతే ఈడబ్ల్యూఎస్‌కి అర్హత ఉందేమో కనుక్కోండి. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చేటప్పుడు "కేంద్రానికి" అని గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే రాష్ట్ర నమూనాలోనే వచ్చేస్తుంది.

అడుగు 5: ఎస్‌ఓపీ

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. ఎందుకు ఈ చదువు, ఎందుకు ఇక్కడ, ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేస్తారు. రెండు పేజీలు. సీటు వచ్చేదీ పోయేదీ చాలావరకు ఇక్కడే.

కంచిలి వైపు ఊరమ్మాయి ఒకామె పంపిన మొదటి రాత ఇలా మొదలైంది: "చిన్నప్పటి నుంచీ సమాజానికి సేవ చేయాలన్నది నా కల. భారతదేశం ఎన్నో సమస్యలతో సతమతమవుతోంది." చదివి పక్కన పెట్టేసి ఫోన్ చేశాను.

"మీ ఇంట్లో ఏం నీళ్లు తాగుతారమ్మా?"

"టిన్ను నీళ్లన్నా. మా వైపు కిడ్నీల గోల తెల్సు కదా."

"వంటకో?"

కాసేపు మాట్లాడలేదు. "వంటకి బోరు నీళ్లే. వంటక్కూడా టిన్నులు కొంటే నెలకెంతవుద్దో లెక్కేశావా నువ్వు?"

"నేను వెయ్యలేదు. నువ్వెయ్యి."

వేసింది. వాళ్ల వీధిలో పద్దెనిమిది ఇళ్లకీ వెళ్లి అడిగింది. ఎవరెన్ని టిన్నులు కొంటున్నారు, ఏ నెలలో తగ్గిస్తున్నారు, ఎందుకు తగ్గిస్తున్నారు. పని లేని నెలల్లో మొదట తగ్గేది టిన్నులే అని తేలింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎన్నో బృందాలు వచ్చాయి, నీటి మీద, వేడి మీద, మందుల మీద అనుమానాలు ఉన్నాయి. ఆ విషయం ఆమె నిజాయితీగా రాసింది. కారణం తేలకముందే ప్రభుత్వం హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టింది. 2023 డిసెంబరులో ఆ రెండూ మొదలయ్యాయి. కారణం తెలియనప్పుడు ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టాలి, దేని మీద ముందు పెట్టాలి, కుళాయి వచ్చాక కూడా జనం టిన్నులు ఎందుకు కొంటున్నారు అన్న ప్రశ్నతో ఎస్‌ఓపీ ముగించింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి తనకు ఏ రెండు సబ్జెక్టులు కావాలో, అవి ఆ స్కూల్లో ఎక్కడున్నాయో రాసింది. "సేవ" అన్న మాట రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఆమెకు రెండు చోట్ల సీటొచ్చింది.

మీకూ ఇలాంటిది ఉంటుంది. తండ్రి వెరావల్ బోట్లలో పనికెళ్లిన ఇల్లు కావచ్చు. మూతపడిన జూట్ మిల్లు కార్మికుడి ఇల్లు కావచ్చు. వంశధార నిర్వాసిత కాలనీ కావచ్చు. ఇల్లు చెప్పి ఊరుకోవద్దు. పేదరికాన్ని కరుణ రసంగా రాస్తే అడ్మిషన్ కమిటీ కళ్లు తుడుచుకుని పక్క కాగితం తీస్తుంది. మీరు ఏం గమనించారు, ఏం లెక్కపెట్టారు, ఎక్కడ మీ అంచనా తప్పింది, అది రాయండి.

లెక్కపెట్టడానికి ఏమీ లేదంటారా? సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేసి చూడండి. ఏపీలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చినా రాకపోయినా మీకు ఒక కథ దొరుకుతుంది. గ్రామసభకు వెళ్లి చివరిదాకా కూర్చోండి. పంచాయతీ బడ్జెట్ అడిగి చదవండి. కాగ్ నివేదిక ఒకటి తీసి మీ జిల్లా పేరు ఎక్కడ వచ్చిందో వెతకండి.

కన్సల్టెన్సీ వాళ్లిచ్చే నమూనా ఎస్‌ఓపీలు ముట్టుకోకండి. వాటిలో అందరూ ఏదో ఒక నోబెల్ గ్రహీత మాటతో మొదలెడతారు. ఏఐతో రాయించినవీ అంతే, నున్నగా ఉంటాయి, గుర్తుండవు. ఇంగ్లిష్ తప్పులు దిద్దించుకోవడం వేరు.

కొన్ని స్కూళ్లు ఎస్‌ఓపీతో పాటు ఒక పాలసీ మెమో కూడా అడుగుతాయి. దాని సంగతి మొదటి సెమిస్టర్ దగ్గర చెప్తాను.

అడుగు 6: సిఫారసు లేఖలు

మూడు కావాలి. ఒకటైనా మీతో పని చేయించుకున్నవాళ్లది ఉండాలి.

డిగ్రీ కాలేజీలో మా సార్ దగ్గరికెళ్తే "నువ్వే రాసుకొని రారా, సంతకం పెడతాను" అన్నారు. ప్రేమతోనే అన్నారు. మన దగ్గర ఇది మామూలే. కానీ మూడు లేఖలూ మీరే రాస్తే మూడూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. నేను చేసింది చెప్తాను. "సార్, రాయడం మీరే రాయండి, మీకు గుర్తు చెయ్యడానికి ఒక కాగితం తెచ్చాను" అని ఒక పేజీ ఇచ్చాను. ఏ ఏడాది ఏ పేపర్ ఆయన చెప్పారు, నాకెన్ని మార్కులు, సెమినార్లో నేను దేని మీద మాట్లాడాను, ఎక్కడ తడబడితే ఆయన ఎలా సరిదిద్దారు. ఆయన తెలుగులో చెప్తుంటే నేను ఎదురుగా కూర్చుని ఇంగ్లిష్‌లో టైప్ చేశాను. నేను మర్చిపోయిన సంగతి ఒకటి ఆయనే చెప్పారు. ఆ లేఖలో బతికున్న వాక్యం అదొక్కటే.

చిన్న చిక్కు: లేఖ ఆన్‌లైన్‌లో వాళ్లే అప్‌లోడ్ చెయ్యాలి, అదీ సంస్థ ఈమెయిల్ నుంచి చేస్తే మంచిది. మన లెక్చరర్లలో చాలామందికి జీమెయిలే ఉంటుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద సంతకం, ఫోన్ నంబరు ఉంటే చాలావరకు ఒప్పుకుంటారు. లింకు స్పామ్‌లోకి వెళ్తుంది. గడువుకి పది రోజుల ముందు స్వయంగా వెళ్లి, సార్ పక్కన కూర్చుని వెతికి చూపించండి.

అడుగు 7: పరీక్షలు

జీఆర్ఈ ఇప్పుడు చాలా పాలసీ స్కూళ్లలో ఐచ్ఛికం. డిగ్రీలో లెక్కలు లేనివాళ్లు అందులోని క్వాంట్ (లెక్కల భాగం)లో మంచి మార్కు తెచ్చుకోగలిగితే రాయండి, ఆ లోటు తీరుతుంది. 2023 సెప్టెంబరు నుంచి అది రెండు గంటల లోపు పరీక్షే. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లిష్ పరీక్ష ఒకటి చాలాచోట్ల తప్పదు. తెలుగు మీడియం వాళ్లకు కష్టమనిపించేది మాట్లాడే భాగం. రోజూ పేపర్లో ఒక వార్త చదివి, ఫోన్లో రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పి రికార్డు చేసుకుని వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు.

అడుగు 8: డబ్బు

ముందు ఉచితంగా వచ్చేవి. చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌తో బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చదవొచ్చు. దానికి రెండేళ్ల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కి మూడేళ్ల అనుభవం, నాలుగేళ్ల డిగ్రీ లేదా దానికి సమానమైన చదువు అడుగుతారు. అడుగు 1లో పని చెయ్యండని పట్టుబట్టింది ఇందుకు కూడా. ఎస్సీలకు, సంచార జాతుల వాళ్లకు, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ల పిల్లలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖది వేరే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకాలు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. పక్కింటి అబ్బాయికి అప్పుడు వచ్చిందని లెక్కలేసుకోకండి, ఆ ఏడాది జీవో చదవండి.

అమెరికాలో సీటొచ్చాక ఫీజు తగ్గించమని అడగొచ్చు. సిగ్గుపడకండి. "ఫలానా స్కూల్ ఇంత ఇస్తానంది, మీ దగ్గరే చదవాలని ఉంది, ఏమైనా చూడగలరా" అని మర్యాదగా ఒక ఈమెయిల్ చాలు. నాకు అలా రెండో సెమిస్టర్ నుంచి రీసెర్చ్ అసిస్టెంట్ పని దొరికింది.

ఇక లోన్. 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులిస్తాయి. ఆ పైన సాధారణంగా ఆస్తి అడుగుతాయి. "మాకు నాలుగెకరాలుంది" అని ధీమాగా వెళ్తారు మనవాళ్లు. వ్యవసాయ భూమిని చదువు లోనుకి తాకట్టుగా చాలా బ్యాంకులు తీసుకోవు. ఊళ్లో ఇల్లు ఉంటుంది గానీ అది గ్రామకంఠంలో ఉంటుంది, రిజిస్టర్డ్ కాగితం ఉండదు. చివరికి శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఫ్లాటున్న మేనమామ కాళ్లు పట్టుకోవడమవుతుంది. ఈ సంభాషణ సీటొచ్చాక కాదు, ఏడాది ముందే జరగాలి. అత్త కూడా ఉన్నప్పుడే అడగండి. ఆమె ఒప్పుకోకపోతే సంతకం జరగదు.

అడుగు 9: వీసా

అమెరికాకైతే స్కూల్ నుంచి ఐ-20 (సీటు ధ్రువపత్రం) వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఆంధ్రా కుర్రాడు కంప్యూటర్ సైన్స్ కాకుండా ఇంకేదో చదువుతానంటే అక్కడ కొంచెం వింతగా చూస్తారు. నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఎందుకు ఇది?" నేను తాగునీటి పథకాల మీద పని చేశానని రెండు వాక్యాల్లో చెప్పాను. మూడో వాక్యం అడగలేదు.

అడుగు 10: మొదటి సెమిస్టర్ గట్టెక్కడం

ఇంటర్లో పది మార్కుల ప్రశ్నకి మనం ఎలా రాస్తాం? పరిచయం, నిర్వచనాలు, చరిత్ర, లాభాలు, నష్టాలు, చివర్లో ఉపసంహారం. ఎంత పొడుగైతే అంత మార్కు. నా మొదటి పాలసీ మెమో అలాగే రాశాను, ఆరు పేజీలు. ప్రొఫెసర్ మొదటి నాలుగు పేజీలకీ అడ్డంగా ఒక గీత గీసి, ఐదో పేజీలో ఒక వాక్యం చుట్టూ సున్నా చుట్టి, "ఇక్కడ మొదలెట్టు" అని రాశారు. ఆ వాక్యం నా సిఫారసు.

మెమో అంటే అదే. మంత్రి కారెక్కేలోపు చదివే కాగితం. మొదటి వాక్యంలోనే ఏం చెయ్యమంటున్నారో చెప్పాలి. తర్వాత ఎందుకో, దానికి ఉన్న రెండు మూడు ప్రత్యామ్నాయాలు, ఒక్కోదాని ఖర్చు, ఎవరు అడ్డుకుంటారు. రెండు పేజీలు దాటకూడదు. వెళ్లేముందే ఇంట్లో కూర్చుని నాలుగైదు రాసి అలవాటు చేసుకోండి. మండలానికి ఒక్క 108 వాహనం అదనంగా ఇస్తే ఎక్కడ నిలపాలి? ఇలాంటి చిన్న ప్రశ్న తీసుకోండి.

స్టాటిస్టిక్స్ మొదటి నెల నాకు నరకం. హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్) బ్యాచ్ మరి. రిగ్రెషన్ అన్న మాట వినగానే చెమటలు. నన్ను కాపాడినవి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి స్టాటిస్టిక్స్ పుస్తకం, ఆఫీస్ అవర్స్. ఆఫీస్ అవర్స్ అంటే ప్రొఫెసర్ తన గదిలో విద్యార్థుల కోసం కూర్చునే వేళ. మన దగ్గర సార్ గదికి పిలిస్తే తప్ప వెళ్లం. వెళ్తే ఏదో తప్పు చేసినట్టే. నేను ఐదు వారాలు వెళ్లలేదు. ఆరో వారం వెళ్తే ఆవిడ "ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్?" అన్నారు. మొదటి వారమే వెళ్లండి. ఎక్సెల్ బాగా నేర్చుకుని వెళ్లండి.

క్లాసులో మాట్లాడటానికి మార్కులుంటాయి. ఇది మనకు పెద్ద గండం. నేను రెండు నెలలు నోరు విప్పలేదు. ఇంగ్లిష్ రాక కాదు, ఏం మాట్లాడితే ఏమనుకుంటారో అని. ఒకరోజు రాష్ట్రాల సరిహద్దుల మీద చర్చ జరుగుతుంటే, మా పక్కన కొటియా గ్రామాలున్నాయని, వాటిని ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అంటాయని, అక్కడ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్న ఇళ్లున్నాయని చెప్పాను. క్లాసంతా ఇటు తిరిగింది. ఇరవై నిమిషాలు నన్నే ప్రశ్నలడిగారు. ఆ తర్వాత నా భయం కొంచెం సడలింది.

హైదరాబాద్, బెంగళూరుల్లో చదివేవాళ్లకు ఈ భయం ఇంకో రూపంలో వస్తుంది. "ఏటి" అన్నారంటే నవ్వుతారు, మళ్లీ అనమంటారు. మొదటి నెల ఉక్రోషంగా ఉంటుంది. యాస మార్చుకోకండి. ఇంటికి రావడం మాత్రం తేలిక, బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి తెచ్చి దింపుతుంది. టికెట్ మాత్రం దసరాకీ సంక్రాంతికీ ముందే చేసుకోవాలి.

కాపీ గురించి గట్టిగా చెప్పాలి. ఇంకొకరి వాక్యం మూలం చెప్పకుండా వాడితే అది దొంగతనం కింద లెక్క, సీటే పోవచ్చు. మన డిగ్రీ అసైన్‌మెంట్లలో గైడ్ చూసి దింపడం అలవాటైన చేతికి ఇది కొత్త. నోట్స్ రాసుకునేటప్పుడే ఎవరి మాటో పక్కన రాసుకోండి.

బతకడం గురించి ఎక్కువ చెప్పను. ముగ్గురు నలుగురు కలిసి ఇల్లు తీసుకోండి. వంట నేర్చుకుని వెళ్లండి. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చెయ్యొచ్చు, బయట రహస్యంగా చెయ్యడం ఎంత చిన్న పనైనా వద్దు. ఆదివారం ఇంటికి ఫోన్ చేసే వేళ ఒకటి పెట్టుకోండి. అమ్మ "తిన్నావా" అనే అడుగుతుంది, మీరు "తిన్నాను" అనే చెప్తారు, అయినా చెయ్యండి.

అడుగు 11: వేసవి ఇంటర్న్‌షిప్

మొదటి ఏడాది అయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్ చాలా స్కూళ్లలో తప్పనిసరి. అక్టోబరు నుంచే వెతకాలి. అందరూ వాషింగ్టన్, ఢిల్లీ అంటారు. నేను మా జిల్లాకే వచ్చాను. ప్రొఫెసర్ని ఒప్పించి, మా మండలంలో కుళాయి నీళ్లు వచ్చే ఊళ్లలో జనం ఇంకా నీళ్లు ఎందుకు కొంటున్నారో ఎనిమిది వారాలు తిరిగి రాశాను. స్కూల్లో దానికి మంచి మార్కొచ్చింది.

దాన్ని తెలుగులోకి మార్చి, రెండు పేజీలకు కుదించి, గర్వంగా మా సర్పంచ్ గారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూశారు.

"ఇంత పొడుగు ఎవులు సదువుతారు బాబూ? ఏటి సెయ్యమంతావో అది సెప్పు."

చెప్పాను. వారం రోజులు తిరక్కుండా ట్యాంకు కడిగించారు. కడిగిన తేదీ ట్యాంకు మీద సున్నంతో రాయించారు. ఆ తేదీ రాయించాలన్నది నా మెమోలో లేదు, ఆయన ఆలోచనే.